మోకాలు దెబ్బతిన్న ఆటగానికి ఎట్టి బూటు తగును?

మోకాలికి దెబ్బ తగిలి, నెలల తరబడి ఇంటిపట్టున నుండి, మరల బంతి యెదుట నిలువగోరు యువకుడు మొదట పోవునది బూట్ల దుకాణమునకు. అతనికంటె ముందే తల్లిదండ్రుల కా ఆలోచన కలుగును. "ఈసారి జారని బూటు కొనవలెను. ఖరీదెంతయైనను సరే, నేలను గట్టిగా పట్టుకొనునది కావలెను" అని వారి నిశ్చయము. ఈ నిశ్చయమునందు ప్రేమ యున్నది. కాని సగము పొరపాటును ఉన్నది. జారి పడుటవలన మోకాలు చెడుట నిజమే. అయితే నాలుగు గోడల నడుమ నున్నని నేలమీద ఆడు ఫుట్‌బాల్‌లో జారకపోవుటయు అంతటి ప్రమాదమే. ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్దది. ఈ మాట వినుటకు వింతగా నుండును గనుక కొంత వివరముగా చెప్పవలసియున్నది.

నెల్లూరు సముద్రతీరమున, మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నము, తూపిలిపాళెము వంటి చోట్ల, పిల్లలకు బంతియాట అలవడునది ఇసుకమీద, వట్టి కాళ్ళతో. ఇసుకకొక గుణము కలదు. దానిమీద పరుగెత్తుట కష్టము. పిక్కలు నొచ్చును, ఊపిరి త్వరగా అలసిపోవును. కాని పాదము నాని ఒక్కసారిగా ప్రక్కకు తిరిగినచో, పాదము క్రింది ఇసుకయు దానితో కూడ తిరుగును. శరీరమునందలి మెలిక యంతయు ఇసుకలోనికి దిగిపోవును. ఆ పిల్లవాడే పెద్దవాడై చదువు నిమిత్తము నెల్లూరునకో, ఉద్యోగము నిమిత్తము మద్రాసునకో పోయి, సాయంకాలము స్నేహితులతో కలిసి చెక్క పరచిన నేలమీదనో, సిమెంటు గచ్చుమీదనో, రబ్బరు అట్ట బూట్లు తొడుగుకొని ఆడునపుడు, అతని దేహమునకు ఇసుక నేర్పిన అలవాటే ఉండును. పాదము నాటి మెలి తిరుగును. అచ్చట క్రింది నేల కదలదు. రబ్బరు నేలను విడువదు. మధ్యనున్నది మోకాలు.

మన దేశమున ఫుట్‌బాల్‌కును బూటుకును గల సంబంధము విచిత్రమైనది. 1948లో లండను ఒలింపిక్ క్రీడలలో మన జట్టువారు పలువురు బూట్లు లేకయే ఫ్రాన్సుతో ఆడి, రెండు గోలుల కొకటిగా ఓడిరి. 1952లో హెల్సింకి క్రీడలలో యుగోస్లావియా చేతిలో పది గోలుల కొకటిగా ఓడిన పిదప మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించుట తప్పనిసరి చేసెను. హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో మన జట్టు 1956లో మెల్బోర్నులో నాలుగవ స్థానమునకు చేరినది. అప్పటి తలంపు ఒక్కటే: బూటు పాదమును రక్షించును, పచ్చికమీద పట్టు నిచ్చును. ఆ పట్టు మోకాలిని ఏమి చేయునన్న ప్రశ్న వైద్యుల దృష్టికి తరువాత గాని రాలేదు.

ఇంటిలోపలి ఫుట్‌బాల్ కథయు చిన్నది కాదు. 1930లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అను ఉపాధ్యాయుడు వై.ఎం.సి.ఏ. యందలి బాలుర కొరకు దీనిని కల్పించెను. బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్, వాటర్‌పోలో ఆటలనుండి కొన్ని నియమములను తెచ్చి ఫుట్‌బాల్‌కు జోడించెను. పక్షమునకు ఐదుగురు, గోలు మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. నేడు దీనిని ఫుట్సాల్ అందురు. 1989లో నెదర్లాండ్సులో జరిగిన ఫిఫావారి మొదటి ప్రపంచ పోటీలో బ్రెజిల్ గెలిచినది. బంతి కొంచెము చిన్నది, ఎక్కువ ఎగురదు. రెండు మీటర్ల ఎత్తునుండి వదలినచో అరవైయైదు సెంటిమీటర్లకు మించి లేవరాదని నియమము. ఈ కారణమున బంతి ఎల్లప్పుడు పాదముల యొద్దనే తిరుగుచుండును. చోటు తక్కువ, ఆటగాండ్రు దగ్గర, బంతి నేలమీద. కావున నేరుగా పరుగెత్తుట కొద్ది; ఆగుట, మలుపు తిరుగుట, మరల బయలుదేరుట మెండు. మోకాలికి ఇష్టము లేని పనులన్నియు ఈ ఆటలో చేరినవన్నను తప్పు కాదు.

మోకాలు తలుపు బందువంటిది. మడుగుట, చాగుట దాని ముఖ్యమైన పనులు. ప్రక్కలకు మెలి తిరుగుట దానికి కొలదిగానే చేతనగును. ఆ పని తుంటిది, చీలమండది. తొడయెముకను ముంగాలి యెముకతో కట్టి ఉంచుటకు లోపల రెండు నారలు ఒకదానిపై నొకటి అడ్డముగా పోవుచున్నవి. వీనిని లిగమెంట్లు అందురు. ఇందు ముందుభాగమున నున్నది ముంగాలి యెముక ముందునకు జారిపోకుండను, అతిగా మెలి తిరుగకుండను ఆపును. దీని పొడవు మూడు సెంటిమీటర్లు మాత్రమే. రెండు యెముకల నడుమ నెలవంక ఆకారము గల రెండు మెత్తలు కూడ కలవు. శరీరభారమును పంచి మోయుట వాని పని. ఆటగాండ్ర మోకాలు చెడినదనగా సాధారణముగా ఈ నారయో, ఈ మెత్తయో, రెండునో తెగినవని అర్థము.

ముందరి నార తెగుటకు ప్రత్యర్థి వచ్చి కొట్టుటయే కారణమని పలువురి నమ్మకము. ఎక్కువ సందర్భములలో ఎవ్వరును తాకనే తాకరు. ఆటగాడు తానే ఆగబోయి, లేక తిరుగబోయి, లేక ఎగిరి దిగుచు, మోకాలు లోపలికి వాలి, పాదము నేలకు అంటుకొని యుండగా "టప్" మను శబ్దము విని కూలబడును. పాదము నేలను తాకిన పిదప సెకనులో సుమారు ఇరువదవ వంతులోనే ఇదంతయు జరిగిపోవునని చలనచిత్రములను నెమ్మదిగా నడిపి చూచిన పరిశోధకులు చెప్పిరి. అంత స్వల్పకాలములో మనస్సు "జాగ్రత్త" అని కండలకు చెప్పుకొనుటకు వ్యవధి యుండదు. కావుననే బూటు అట్టకును నేలకును మధ్యనున్న పట్టు ఇంత ముఖ్యమగుచున్నది.

దీనికి పరిశోధనల ఆధారము కలదు. నార్వే దేశపు హ్యాండ్‌బాల్ క్రీడాకారుల గాయములను పరిశీలించి 2003లో ప్రకటించిన వ్యాసములో, స్త్రీలకు చెక్క నేలమీదకంటె పట్టు అధికముగా నుండు కృత్రిమపు నేలమీద ఈ నార తెగుట రెండు రెట్లకు పైగా కనిపించినదని వ్రాసిరి. పురుషులలో అట్టి భేదము కనబడలేదు. అమెరికాలో పాఠశాలల ఫుట్‌బాల్ ఆడు 3,119 మంది బాలురను మూడేండ్లు గమనించి 1996లో ప్రకటించిన మరియొక పరిశీలనలో, అట్ట అంచుల వెంబడి పొడవైన స్టడ్లు గల బూట్లు తొడిగినవారికి మోకాలి నార గాయములు ఎక్కువైనవి. ఆ ఫుట్‌బాల్ వేరు, ఆ స్టడ్లు వేరు. అయినను చెప్పు విషయ మొక్కటే: పాదమును తిరుగనీయని బూటు మోకాలిని తిప్పును.

కావున దుకాణమునకు పోయినపుడు వెదకవలసినది మితముగా పట్టి, సమయమునకు విడుచు అట్ట.

ముందుగా అట్టను తిరుగవేసి చూడుడు. బొడిపెలు, స్టడ్లు గల బూటును వెంటనే ప్రక్కన పెట్టుడు. అది పచ్చిక మైదానమునకు. చిన్న చిన్న రబ్బరు గుబ్బలు దట్టముగా నున్నది కృత్రిమపు పచ్చికకు. దానిని పట్టణములలో టర్ఫ్ అని పిలుచుచున్నారు. గచ్చుమీద ఈ గుబ్బలు వంగుచు, లేచుచు పాదమును నిలకడగా నిలువనీయవు. ఇంటిలోపలి ఆటకు కావలసినది చదునైన అట్ట, తేనెరంగు గమ్ము రబ్బరుది గాని, నేలపై మరకలు వేయనిది గాని. దానిపై లోతు లేని గీతలుండిన చాలును. పాదము ముందుభాగమున, బొటనవ్రేలి మొదటి కణుపు క్రింద, గుండ్రని వలయములవంటి గీతలు గల బూట్లు కొన్ని దొరకును. పాదము ఆ చోటనే తిరుగును గనుక ఆ వలయములు తిరుగుటకు తోడ్పడును. అట్టి బూటు దొరికినపుడు దానినే ఎన్నుకొనుట మేలని నా అభిప్రాయము. అట్ట వెలుపలి అంచు కత్తివలె నిలువుగా నుండక కొంచెము గుండ్రముగా ఉండవలెను. నిలువు అంచు ప్రక్కకు ఆగునపుడు నేలలో తట్టుకొనును.

రబ్బరు మెత్తదనమును బొటనవ్రేలి గోటితో నొక్కి చూడవచ్చును. కొంచెము లోపడి, వెంటనే పైకి రావలెను. గోరు దిగి అంటుకొనునంత మెత్తనైనచో అది నేలనుకూడ అట్లే అంటును. రాతివలె ఉన్నచో జారును. పిదప బూటు తొడిగి, దెబ్బ తగలని కాలిమీద సగము భారము మోపి, మడమ ఎత్తి, పాదము ముందుభాగముపై నెమ్మదిగా తిరిగి చూడుడు. కొంచెము అడ్డగించుచు తిరుగవలెను. అంటుకొని నిలువరాదు, నూనెమీదవలె జారరాదు. ఈ పరీక్షను బాగైన కాలితోనే చేయవలెను. దుకాణపు నేల పాలరాతిది, మీరాడు నేల వేరు. కావున ఆడు చోట ఒకమారు ఇట్లే పరీక్షించి చూచి, తగనిచో మార్చి యిచ్చునట్లు దుకాణదారునితో ముందే మాటాడుకొనుట తెలివి.

పరుగు బూట్లతో ఈ ఆట ఆడువారిని తరచుగా చూచుచున్నాము. ఇంటిలో ఉన్నవి గదా యను పొదుపు దీనికి కారణము. ఆ బూట్లు నేరుగా ముందుకు పోవుటకు చేయబడినవి. మడమ క్రింద ఎత్తైన మెత్త యుండును. ప్రక్కకు ఆగునపుడు ఆ ఎత్తుమీద పాదము వాలిపోవును. చీలమండ మడతపడును, మోకాలు దాని వెంట పోవును. ఇంటిలోపలి ఆటకు పాదము నేలకు దగ్గరగా ఉండవలెను.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. నేలకు దగ్గరగా ఉండు పలుచని అట్ట నార దెబ్బతిన్నవానికి మంచిదే. కాని లోపలి మెత్త చిరిగి, దానిని కొంత కోసి తీసివేసినవారికి సిమెంటు గచ్చుమీద ప్రతి అడుగును సుత్తి దెబ్బవలె తగులును. అట్టివారు మరీ పలుచనిది కాక, మడమ క్రింద కొలదిపాటి మెత్త గలదానిని చూచుకొనవలెను. ఇంకను మేలైన పని, బూటుకంటె ముందు నేలను ఎన్నుకొనుట. చెక్క నేల దొరకు అవకాశమున్నచో సిమెంటును విడిచిపెట్టుడు. తమ మోకాలిలో చెడినది నారయా, మెత్తయా, రెండునా అని వైద్యుని అడిగి స్పష్టముగా తెలిసికొనకుండ ఏ బూటును కొనరాదు. ఆస్పత్రినుండి ఇంటికి వచ్చిన పలువురికి ఈ సంగతియే తెలియకుండుట ఆశ్చర్యము. ఆస్పత్రి కాగితమును బీరువాలో దాచిపెట్టుటకంటె ఒకమారు చదివించుకొనుట ఉపయోగకరము.

కొలత విషయము త్వరగా చెప్పెదను. పాదములు సాయంకాలమునకు కొంచెము ఉబ్బును గనుక ఆ వేళనే కొనవలెను. ఆటలో తొడుగు మేజోళ్ళనే తొడిగి చూడవలెను. రెండు పాదములును సమానముగా ఉండవు; పెద్ద పాదమునకు సరిపోవునది తీసికొనవలెను. పొడవైన వ్రేలికి ముందు అర అంగుళమునకు మించి ఖాళీ అక్కరలేదు. లోపల పాదము జారినచో బూటు ఎంత మంచిదైనను వ్యర్థము. మడమను పట్టియుంచు వెనుకభాగము గట్టిగా ఉండవలెను. బూటును రెండు చేతులతో వంచినచో వ్రేళ్ళ కణుపుల యొద్ద వంగవలెను గాని నడుమ కాదు.

ఖరీదు ఎక్కువైనచో మోకాలికి మేలు ఎక్కువ యన్న లెక్క లేదు. ఇంటిలోపలి ఆటకు పేరు మోసిన సాంబా అను బూటును అడిదాస్ సంస్థవారు 1950 ప్రాంతమున గడ్డకట్టిన మంచునేలమీద ఆడుటకై చేసిరి. దాని గమ్ము అట్ట గచ్చుకు తగియుండుటవలన అది లోపలికి వచ్చినది. నేడు దానిని వీధిలో షోకునకు తొడుగువారే అధికము. మన తీరమునకు దక్షిణపు కొసన, తడ దగ్గర మాంబట్టులో, అపాచీ అను సంస్థవారి కర్మాగారమున వేలమంది, అందును స్త్రీలు అధికముగా, అడిదాస్ బూట్లు తయారుచేయుచున్నారు. 2022 వరకు ఆ చోటు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ యేట తిరుపతి జిల్లాలో చేరినది. ప్రపంచమున పేరుగల బూటు మన ఊళ్ళ ఆడపడుచుల చేతులలో కుట్టబడుచుండగా, మన పిల్లలకు ఏ బూటు దేనికో తెలియకుండుట బాగుండదు.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. ఒకే ఆట ఆడునపుడు ఈ ముందరి నార తెగుట బాలురకంటె బాలికలలో ఎక్కువ. తుంటి నిర్మాణము, ఎగిరి దిగు తీరు, తొడ కండల బలము మొదలైన కారణములు చెప్పుచున్నారు. నార్వే పరిశీలనలో నేల ప్రభావము స్త్రీలయందే కనిపించినదని పైని చెప్పితిని. కావున అన్న బూటు చెల్లెలికి సరిపెట్టుట, లేదా "ఆడపిల్లకు బూటెందుకు, కాన్వాసు జోడు చాలదా" యనుట పొదుపు కాదు. బాలికలకు చిన్న కొలతలు దొరకుట కష్టమగును. అట్టి యెడల బాలుర చిన్న కొలతలలో వెదకవచ్చును. పెద్ద బూటులో దూది కుక్కుట మాత్రము పనికిరాదు.

బూటు ఎప్పుడు కొనవలెను? ఇది బూటు ఎట్టిది కొనవలెనన్నదానికంటె పెద్ద ప్రశ్న. నార తెగి శస్త్రచికిత్స చేయించుకొనినవారిని నార్వే, అమెరికా వైద్యులు కలిసి పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితము గమనింపదగినది. తొమ్మిది నెలల వరకు, ఆటకు మరలుటలో ఆలస్యము చేసిన ప్రతి నెలకును మరల దెబ్బ తగులు అవకాశము సుమారు సగము తగ్గినది. తొడ కండ బలము రెండవ కాలితో సమానమునకు దగ్గరగా వచ్చినవారికి మేలు మరింత కలిగినది. ఒక కుర్రవాడున్నాడనుకొందము. ఐదవ నెలలోనే నొప్పి పోయినది. మెట్లు ఎక్కుచున్నాడు, మోటారు సైకిలు నడుపుచున్నాడు. ఇంటివారు బాగైనదని సంతసించి క్రొత్త బూట్లు కొనిపెట్టిరి. బూట్లు అలమరలో ఉండగా ఆగగల కుర్రవాడెవ్వడు? తండ్రి చేసిన అప్పుతో కుట్టిన నార ఆ సాయంకాలమే మరల తెగవచ్చును. నొప్పి లేకుండుట వేరు, నార ముదురుట వేరు. అందుచేత బూటును బహుమతిగా ముందే తెచ్చి యింట పెట్టరాదని నా సలహా. మోకాలిలో నీరు పూర్తిగా దిగి, ఒంటికాలిమీద ఎగిరినపుడు రెండు కాళ్ళును ఇంచుమించు సమానదూరము పోవునట్లై, వైద్యుడో వ్యాయామ చికిత్స చేయువారో సరేనన్న పిదపనే దుకాణమునకు పోవలెను.

మోకాలికి తొడుగు పట్టీలనుగూర్చి పలువురు అడుగుదురు. ధైర్యము నిచ్చును, కొందరికి అదియు అవసరమే. కాని తొడ కండల పని పట్టీ చేయజాలదు, బూటును చేయజాలదు. ఆటకు ముందు ఇరువది నిమిషములు చేయు సన్నాహ వ్యాయామములు, అనగా పరుగు, ఒంటికాలిపై నిలుకడ, మెత్తగా దిగుట మొదలైనవి, గాయములను గణనీయముగా తగ్గించినట్లు ఋజువైనవి. వానికి ఖర్చు లేదు. ఖర్చు లేనందుననే కాబోలు వానిని ఎవ్వరును చేయరు.

ఇక మన తీరమునకు ప్రత్యేకమైన సంగతులు రెండు. మొదటిది ఇసుక. సముద్రతీరపు ఊరినుండి ఇంటిలోపలి ఆటకు పోవువాడు అవే బూట్లతో వీధిలో నడిచి పోయినచో, అట్ట గీతలలో ఇసుక చేరును. గచ్చుమీద ఆ రేణువులు పూసలవలె దొర్లి ఒక అడుగున జార్చును. శుభ్రమైన చోట అట్ట ఒక్కసారిగా పట్టును. జారుట, పట్టుట ఇట్లు మారుచుండుట మోకాలికి అన్నిటికంటె చెడ్డది. దేహము ఏ పట్టుకు అలవాటు పడవలెనో తెలియకుండును. కావున ఆట బూట్లను సంచిలో పెట్టుకొని పోయి, నేల అంచున తొడుగుకొనవలెను. ఆటకు ముందు పొడి గుడ్డతో అట్టను తుడువవలెను. నడుమ నడుమ అరచేతిని తడిచేసి అట్టను తుడుచుకొను అలవాటు కొందరికి కలదు. దానివలన పట్టు హఠాత్తుగా పెరుగును. మోకాలు కుదుటపడుచున్నవారికి అది తగదు.

రెండవది తేమ. ఉప్పుగాలియు, చెమటయు కలిసి తోలును గట్టిపరచి పగుల్చును. కార్తీక మార్గశిరములలో ఈశాన్యపు గాలి వానలు పట్టినపుడు బూట్లకు బూజు పట్టును. అట్టను అంటించిన జిగురు వదలును. ఆడిన వెంటనే లోపలి అట్టను బయటకు తీసి, లేసులు వదులు చేసి, బూటులో పాత వార్తాపత్రిక కాగితములను ఉండలుగా చేసి కుక్కి, నీడన గాలి తగులుచోట పెట్టవలెను. కాగితములు చెమర్చినచో మార్చవలెను. ఎండలో గాని, పొయ్యి దగ్గర గాని పెట్టరాదు. రబ్బరు గట్టిపడి మరునాడు జారును. ఏ రెండు నెలలకో ఒకమారు అట్టను వెలుతురులో చూడుడు. బొటనవ్రేలి క్రింద గీతలు అరిగి నునుపైనచో, లేక కుడియెడమల అరుగుదల సమానముగా లేనిచో, దానిని వైద్యునికి చూపుడు. దెబ్బతిన్న కాలిపై భారము ఎట్లు పడుచున్నదో ఆ అట్టపై కనబడును.